కడుగని ఫిలిము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదివిన ఉపన్యాసము)



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమునకు రజతోత్సవమని పేరు. రజతమనగా వెండి. వెండి యనగానే కంచములు, గిన్నెలు, పట్టగొలుసులు స్ఫురించును గాని, ఆ లోహము మనుష్యుల ముఖములను జ్ఞాపకముంచుకొను పనిని కూడ నూఱేండ్లకు పైగా చేసినదని చాలమంది తలంపరు. నలుపు తెలుపు ఛాయాచిత్రములోని నలుపంతయు వెండియే. అందుచేత రజతోత్సవమునాడు ఆ వెండిని గూర్చియు, అందులోను వెలుగు సోకియు కడుగబడక ఏండ్ల తరబడి పెట్టెలలో పడియున్న ఫిలిమును గూర్చియు నాలుగు మాటలు చెప్పుకొనుట అసందర్భము కానేరదు.

పాత ఇండ్లలో అటుక దులిపినప్పుడో, పెద్దల ట్రంకుపెట్టె అడుగు తడవినప్పుడో అపుడపుడు ఒక చిన్న రేకు డబ్బీ బయటపడును. లోపల నల్లని కాగితముతో కూడిన ఫిలిము చుట్ట. చిత్రములు తీయుట అయినది, కడుగుట కాలేదు. కడిగించుటకు పట్టణమునకు పోవలసియుండెనేమో, చేతిలో పైకము లేకపోయెనేమో, తీసినవారే కాలగతి చెందిరేమో. అందేమున్నదో ఎవ్వరికిని తెలియదు. పెండ్లి పందిరి కావచ్చును. పోయిన తల్లి ముఖము కావచ్చును. వట్టి మసక కావచ్చును. అట్టి డబ్బీ చేతికి వచ్చినప్పుడు చాలమంది చేయునవి రెండే పనులు: పనికిమాలినదని పాఱవేయుట, లేదా లోపలనేమున్నదో చూతమని వెలుతురులో విప్పుట. రెండింటికిని ఫలమొక్కటే.

ఎందుచేతనన, ఆ చుట్టలోని చిత్రము ఉన్నది. కాని కంటికి కనబడదు. ఫిలిము మీది పూతలో జెలటిన్ అను జిగురు ఉండును. ఆ జిగురులో వెండి లవణముల స్ఫటికములు కంటికానని సూక్ష్మరూపమున లెక్కకు మిక్కిలిగా పొదిగియుండును. కెమెరా కన్ను రెప్పపాటు తెఱచి మూసినంతనే, వెలుగు సోకిన స్ఫటికములలో అత్యల్పమైన మార్పు కలుగును. ఒక స్ఫటికములో శతకోటికి పైగా పరమాణువులుండగా, అందు నాలుగైదు వెండి పరమాణువులు ఒక్కచోట గుమికూడిన చాలును. ఆ స్ఫటికము తాను వెలుగును చూచినట్లు గుర్తు వేసికొన్నదన్నమాట. పొలము గట్టున పాతిన సర్వేఱాయి చిన్నదే. కాని పొలమంతటికిని అదియే సాక్ష్యము. ఇదియు నట్టిదే. దీనిని శాస్త్రజ్ఞులు గుప్తబింబమందురు. ఇది ఏర్పడు విధమును 1938లో గర్నీ, మాట్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు సోపపత్తికముగా వివరించిరి.

పిమ్మట చీకటి గదిలో డెవలపరు అను ద్రావకమందు ఆ ఫిలిమును ముంచినప్పుడు, గుర్తున్న స్ఫటికము మొత్తము వెండిగా మాఱి నల్లబడును. గుర్తు లేనిది మాఱదు. నాలుగు పరమాణువుల సాక్ష్యము నూఱుకోట్ల రెట్లు పెరిగి చిత్రమగుచున్నది. తరువాత హైపో ద్రావకము మాఱని లవణమును కరగించి తీసివేయును. హైపోకు ఈ గుణమున్నదని జాన్ హెర్షెల్ 1819లోనే కనుగొని, 1839లో ఛాయాచిత్రములకు దానిని వినియోగించెను.

కాళిదాసుని శాకుంతలమును ఎఱిగినవారికి ఈ గుప్తబింబము క్రొత్త సంగతి కాదు. దుష్యంతుని మనస్సులో శకుంతల చెఱిగిపోలేదు. దుర్వాసుని శాపముచేత మఱుగుపడినది. ఉంగరము కంటబడినంతనే కణ్వాశ్రమ మంతయు ఒక్కసారిగా తిరిగి వచ్చినది. డెవలపరు ఆ ఉంగరము వంటిది. అది లేని బింబమును కల్పింపదు, ఉన్నదానిని చూపును. అయితే చేప కడుపులోని యుంగరము బెస్తవానికి దొరకకున్న ఆ కథ యేమగునో, చుట్ట దొరకని నాడు, దొరకియు పాడయిన నాడు ఛాయాచిత్రముల గతియు నదియే.

ఫిలిమునకు ఇట్లు వేచియుండు శక్తి మొదటినుండియు లేదు. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన తడిపలక పద్ధతిలో గాజుపలక మీది పూత ఆఱకముందే చిత్రము తీసి, ఆఱకముందే కడుగవలసియుండెను. ఛాయాగ్రాహకుడు ఎచ్చటికి పోయినను చీకటి గుడారము వెంట మోసికొని పోవలసినదే. 1871లో రిచర్డ్ లీచ్ మాడొక్స్ అను ఆంగ్ల వైద్యుడు జెలటిన్ పూత గల పొడిపలకను గూర్చి వ్రాసిన పిమ్మట ఆ నిర్బంధము తొలగినది. నేడు తీసిన చిత్రమును రేపు కడుగవచ్చును, ఏడాదికి కడుగవచ్చును. ఎన్నాళ్లు ఆగవచ్చును? దీనికి లోకము మఱవలేని సమాధానము ఉత్తరధ్రువ సమీపమునుండి వచ్చినది.

స్వీడను దేశస్థుడైన ఇంజనీరు ఎస్. ఏ. ఆండ్రే, హైడ్రోజను నింపిన బెలూనులో ఉత్తరధ్రువము మీదుగా ఎగిరిపోవలెనని సంకల్పించెను. ఆయనతో క్నూట్ ఫ్రెంకెల్, నీల్స్ స్ట్రిండ్‌బెర్గ్ అను మఱి యిద్దఱు బయలుదేరిరి. స్ట్రిండ్‌బెర్గ్‌కు ఇరువదినాలుగేండ్లు. చిత్రములు తీయు భారము అతనిది. ఆకాశమునుండి ఆ ప్రాంతపు పటము తయారు చేయుటకని సుమారు 7 కిలోల బరువు గల కెమెరా వెంట తీసికొని పోయిరి. ఇంటివద్ద ఆనా షార్లియే అను కన్యతో అతనికి వివాహము నిశ్చయమైయుండెను.

1897 జూలై 11వ తేదీన స్పిట్స్‌బర్గెన్ చెంతనున్న డేన్స్ ద్వీపమునుండి 'గరుడపక్షి' అను నర్థము గల పేరుతో ఆ బెలూను లేచినది. లేచునప్పుడే దిశను త్రిప్పుటకై వ్రేలాడదీసిన మోకులలో అధికభాగము ఊడి పడిపోయినది. పొగమంచు బట్టమీద గడ్డకట్టి బరువు పెరిగినది. మూడు దినములు గడవకమునుపే, జూలై 14న, ధ్రువమునకు చాల దూరమున అది మంచుమీదికి దిగిపోయినది. ముగ్గురికిని గాయములు లేవు. చుట్టును మంచు తప్ప నేల లేదు. ఆ దినముననే స్ట్రిండ్‌బెర్గ్ తన కెమెరాతో ఒక చిత్రము తీసెను: ప్రక్కకు వాలి పడియున్న బెలూను, దాని యెదుట నిలిచి చూచుచున్న ఇద్దఱు మనుష్యులు.

అటుపిమ్మట అనేక దినములు వారు మంచుబండ్లను లాగుచు నడచిరి. వారు దక్షిణమునకు నడచుచుండ కాలిక్రింది మంచు మఱొక దిక్కునకు కొట్టుకొనిపోవుచుండెను. నడచినదంతయు జమ కాక ఖర్చు వ్రాయవలసిన దినములెన్నియో! బరువు తగ్గించుకొనుటకై సామానులో చాలభాగము మార్గమున విడిచిరి. కెమెరాను విడువలేదు, ఫిలిమును విడువలేదు. సెప్టెంబరు 4న స్ట్రిండ్‌బెర్గ్‌కు ఇరువదియైదేండ్లు నిండినవి. ఆ ఉదయమున ఆండ్రే అతనిని నిద్రలేపి, దాచి తెచ్చిన ఉత్తరములను చేతికిచ్చెను. అందు ఆనా వ్రాసినవియు నుండెను. అక్టోబరు 5న వారు క్విటోయా అను నిర్జన ద్వీపమున కాలుపెట్టిరి. ఆ పేరునకు తెల్లని దీవి యని అర్థము. భారత శాంతిపర్వమున నారదుడు దర్శించిన శ్వేతద్వీపము నారాయణుని నివాసము. ఈ శ్వేతద్వీపమున హిమము తప్ప వేఱొకటి లేదు. ముగ్గురును అచటనే మరణించిరి. కారణమేమన్నది నేటికిని వివాదమే. ముగ్గురిలో ముందుగా పోయినవాడు చిత్రములు తీసిన స్ట్రిండ్‌బెర్గ్. మిగిలిన ఇద్దఱు అతనిని బండల సందున పెట్టి ఱాళ్లు కప్పిరి. అతడు తీసిన చిత్రములలో ఒక్కటియు అతని కంటబడలేదు.

ముప్పదిమూడేండ్లపాటు వారు ఏమైరో లోకమునకు తెలియదు. 1930 ఆగస్టు 6న గున్నార్ హోర్న్ నాయకత్వమున పోవుచున్న బ్రాట్వాగ్ అను నార్వే ఓడవారు ఆ దీవిలో దిగి విడిది అవశేషములను, ఆండ్రే, స్ట్రిండ్‌బెర్గ్‌ల దేహములను కనుగొనిరి. ఒక నెల గడచిన పిమ్మట ఇస్‌బ్యోర్న్ అను మఱొక ఓడలో పత్రికావిలేఖరులు వచ్చి ఫ్రెంకెల్ దేహమును, మఱికొన్ని వస్తువులను వెలికి తీసిరి. ఈ విధముగా దొరకిన వానిలో దినచర్య పుస్తకములున్నవి, వెలుగు సోకిన అయిదు ఫిలిము చుట్టలున్నవి. వానిలో ఒకటి కెమెరాలోనే యుండెను.

ఆ చుట్టలను స్టాక్‌హోములోని రాజకీయ సాంకేతిక విద్యాలయమున ఛాయాగ్రహణ విద్యను బోధించుచున్న జాన్ హెర్జ్‌బెర్గ్ చేతికిచ్చిరి. ఆయన యెదుటనున్న కార్యమెట్టిదో ఊహింపుడు. జెలటిన్ నానినది, వ్రేలు గట్టిగా తగిలిన ఊడివచ్చునేమో. ఏ ద్రావకమున ఎంతసేపుంచవలెనో చెప్పగల పూర్వానుభవము ఎవ్వరికిని లేదు. పుస్తకము చిఱిగిన అతికించవచ్చును, లెక్క తప్పిన కొట్టివేసి మరల వ్రాయవచ్చును. ఫిలిము ఒక్కసారియే కడుగబడును. చెడిన యెడల మూడు ప్రాణములు మిగిల్చిన సాక్ష్యము ఆయన చేతిలోనే హతమైనదగును. దేశమంతయు ఎదురుచూచుచుండెను, పత్రికలు తొందర పెట్టుచుండెను, ఆనా షార్లియే ఇంకను జీవించియుండెను.

లెక్క ప్రకారము ఆ అయిదు చుట్టలలో 240 చిత్రములకు చోటున్నది. హెర్జ్‌బెర్గ్ 93 చిత్రములను దక్కించెను. మిగిలిన 147 పోయినవనియే లెక్క. దక్కినవియు నిర్మలమైనవి కావు: మచ్చలు, మరకలు, వెలుగు చొరబడిన చారలు. అయినను బెలూను ఎదుట నిలిచిన ఆ యిద్దఱు అగపడిరి. కొట్టిన మంచుయెలుగు అగపడినది. మంచుగడ్డలమీదుగా బండిని నెట్టుచున్న మనుష్యులు అగపడిరి. ఆండ్రే దినచర్యలో మాటలున్నవి. ఆ మాటలు వ్రాసినవాని నిలుకడ, వంగిన నడుము, ఎదుట అంతులేని తెలుపు ఈ ఫిలిములోనే యున్నవి. ఆ సంవత్సరముననే ఆ దినచర్యలతోను చిత్రములతోను గ్రంథము వెలువడినది. ఆనా అంతకుముందే వేఱొకరిని వివాహమాడెను, ఆంగ్లదేశమున స్థిరపడెను. 1949లో ఆమె మరణించిన పిదప, ఆమె కోరిక ప్రకారము ఆమె హృదయమును చిన్న వెండి పేటికలో పెట్టి స్ట్రిండ్‌బెర్గ్ సమాధి చెంత నుంచిరి.

ముప్పదిమూడేండ్లు ఆ చిత్రములు నిలుచుటకు కారణమేమి? ముఖ్యముగా చలి. ఆ ముగ్గురి ప్రాణములు తీసిన శీతమే వారి చిత్రములకు రక్షయైనది. ఫిలిమునకు ప్రబల శత్రువులు ఉష్ణము, తేమ. ఉష్ణముచేత రెండు విధముల నష్టము కలుగును. మొదటిది, గుప్తబింబమునందలి ఆ నాలుగైదు పరమాణువులు క్రమముగా చెదరి గుర్తు మాసిపోవుట. రెండవది, వెలుగు చూడని స్ఫటికములు కూడ చూచినట్లు మాఱి, కడిగినప్పుడు అంతటను మసక క్రమ్ముట. రైతునకు ఈ సంగతి సులభముగా బోధపడును. డెవలపరు నీరు వంటిది. అది పైరునకు కలుపునకు భేదమెఱుగదు. పాత ఫిలిములో పైరు బలహీనము, కలుపు బలము. నీరు ఎక్కువసేపు నిలిపిన కలుపే పెరుగును. తక్కువైన పైరు లేవదు. ఇక తేమ వలన బూజు పట్టి జెలటిన్‌ను తినివేయును. చుట్ట పొరలు ఒకదానికొకటి అంటుకొనును. గోదావరి కృష్ణా తీరములలో వానకాలపు చెమ్మయు, రోహిణికార్తె ఎండలో రేకు కప్పు క్రింది వేడియు ఎఱిగినవారికి, ఇచటి అటుకమీది ఒక యేడు ఆ శ్వేతద్వీపమునందలి అనేక వత్సరములకు సమానమని వేఱుగ చెప్పనక్కఱలేదు.

కావున అట్టి డబ్బీ దొరకినవారు ప్రప్రథమమున చేయవలసినది విప్పకుండుట. కెమెరాలో ఫిలిమున్నదని అనుమానమున్నను వెనుక తలుపు తీయరాదు. విరాటపర్వమున పాండవులు తమ ఆయుధములను జమ్మిచెట్టుమీద కట్టి, ఎవ్వరును తాకకుండుటకై శవమని పేరు పెట్టిరి. ఏడాది నిండువఱకు అవి చెక్కుచెదరక యుండుటకు ఆ భయమే కావలి. ఫిలిము డబ్బీమీదను అట్టి హెచ్చరిక యొకటి వ్రాసి అంటింపవలెను: ఎవరిది, ఎచ్చట దొరకినది, ఎప్పుడు తీసినదై యుండును, వెలుతురులో విప్పరాదు. తరువాత దానిని అటుకమీదినుండి దింపి, గాలి చొరని సంచిలో బిగించి, చల్లని పొడిచోట నుంచవలెను. శీతలపు పెట్టె గల యింట దానికంటె మంచి తావు లేదు.

రెండవది, దానిమీది పేరును చదువుట. నలుపు తెలుపు ఫిలిమైనచో ఆశ యెక్కువ. రంగుల ఫిలిములో రంగులు పుట్టించు పదార్థములు వెండికంటె ముందుగా చెడును. కోడాక్రోమ్ అను రంగు ఫిలిమును దాని సొంత పద్ధతిలో కడుగు పని లోకములో చివరిగా మిగిలిన ఒక్క కర్మాగారమును 2010 డిసెంబరు 30 వఱకే చుట్టలను స్వీకరించినది. అటుతరువాత దొరకిన కోడాక్రోమ్ చుట్టలను నలుపు తెలుపుగా కడుగుటయే గతి. రంగు పోయినను రూపు దక్కవచ్చును.

మూడవది, పరీక్ష. నేర్పరియైనవాడు చుట్ట మొత్తమును ఒక్కసారి ద్రావకమున దింపడు. చీకటిలో కొనయందు బెత్తెడు ముక్క కత్తిరించి దానిని ముందు కడుగును. ఆ చివర చిత్రము పోయిన పోవచ్చును. ఆ నష్టము మిగిలిన చుట్టకు కట్టిన శిస్తు. డెవలపరును సాధారణముకంటె చల్లగా నుంచి, మసకను అణచుటకు పొటాసియం బ్రోమైడుగాని బెంజోట్రయజోల్‌గాని కొద్దిగా కలుపుదురు. జిగురు మెత్తబడినదైన ముందుగా గట్టిపఱచు ద్రావకములో ముంచుదురు. ఇంతయు చేసిన పిమ్మటను చేతికి వచ్చునది పలుచని, బూడిదవన్నె నెగెటివు కావచ్చును. ఏమియు రాలేదని దానిని పాఱవేయరాదు. కంటికి లేనట్లు తోచునది ప్రింటు తీసినప్పుడు ముఖమై నిలుచుట కద్దు.

నాలుగవది, అగ్నిభయము. 1950 ప్రాంతమునకు పూర్వపు సినిమా ఫిలిములలో అధికభాగము నైట్రేటు ఫిలిము. అది ఇట్టే అంటుకొనును. ఒకసారి అంటుకొనిన నీటికిని ఆఱదు. జిగటగా మాఱి, ఘాటైన వాసన కొట్టు పాత సినిమా చుట్టలు గుట్టగా దొరకినచో వానిని ఇంట నుంచుకొనక, ఎఱిగినవారికి తెలియజేయుట క్షేమము.

ఇంత జాగ్రత్త యెందులకని ఎవరైన అడుగవచ్చును. ఎవరెస్టు శిఖరమే దానికి సమాధానము చెప్పును. 1924 జూన్ 8న మాలరీ, ఇర్విన్ అను ఇద్దఱు ఆంగ్లేయులు ఆ శిఖరము వైపు ఎక్కుచు చివరిసారిగా కనబడి, తిరిగి రాలేదు. వారి వెంట జేబులో పట్టు చిన్న కోడక్ కెమెరా ఉండెనని చెప్పుదురు. 1999 మే 1న మాలరీ దేహము దొరకినది, కెమెరా దొరకలేదు. 2024లో ఇర్విన్ పాదము, పేరు కుట్టిన మేజోడుతో, హిమానీనదమున దొరకినది. అప్పుడును కెమెరా దొరకలేదు. వారు శిఖరమునకు చేరిరా లేదా యను ప్రశ్నకు సమాధానము ఒక చిన్న ఫిలిము చుట్టలో ఉండవచ్చును. ఎన్నడైన అది దొరకిన నాడు, దొరకించుకొన్నవాని వ్రేళ్లు ఒక్క క్షణము తొందరపడిన, ఆ సమాధానము అప్పుడే హరించును.

ఎవరెస్టు సంగతి లోకమునకు పెద్దది. ఒక యింటివారికి వారి తాతగారి ముఖమును అంత పెద్దదియే. ఫొటో దిగుట అరుదైన దినములలో, జీవితమున ఒక్కసారియే కెమెరా ఎదుట నిలిచిన వారు ఈ పల్లెలలో కొల్లలు. ఆ ఒక్క చిత్రమును కడుగని చుట్టలోనే యున్నయెడల, ఆ చుట్టను పాఱవేసినవారు తెలియకయే ఆ మనుష్యుని రెండవసారి పోగొట్టుకొన్నవారగుదురు.

గ్రంథాలయమునకు ఈ విషయముతో సంబంధమేమని సందేహింపవలదు. తాళపత్రమైనను, అచ్చుపుస్తకమైనను, ఫిలిమైనను, ఒకరు చూచినదానిని మఱొకరికి అందించుటకే పుట్టినవి. ఈ భవనమున ఒక బీరువా అఱను ఇట్టి చుట్టలకు కేటాయించి, గ్రామస్థులు తెచ్చియిచ్చిన ప్రతి డబ్బీకి ఒక సంఖ్య వేసి, ఇచ్చినవారి పేరును తేదీని ఒక పుస్తకమున పద్దు వ్రాసి, పట్టణమున ఆ పని నేర్చినవారికి చూపించు ఏర్పాటు చేసినచో ఖర్చు స్వల్పము. ఫలము వచ్చునని హామీ లేదు. 240లో 93 దక్కిన నాడు స్వీడను దేశము కన్నీటితో సంతోషించెను. ఇచట పదింట ఒకటి దక్కినను చాలును.

ఈ రాత్రి ఇండ్లకు పోయిన పిమ్మట అటుకలు, పెట్టెలు ఒక్కమాఱు వెదకుడు. డబ్బీ దొరకిన మూత తీయక, కాగితము చుట్టి, పేరు వ్రాసి, గ్రంథాలయమునకు తెండు.

స్వస్తి.